రెండుసార్లు నొక్కే అలవాటు

మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు యజమాని: “కారు రిమోట్ మొదట్లో ఒక్క నొక్కుకే పనిచేసేది. తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. ఇప్పుడు కారుకు ఆనించి నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సెల్లు మార్చాను, అయినా అంతే. కొత్త కీ వేయించాలని, వేలల్లో అవుతుందని అంటున్నారు. వేయించమంటారా?”

ఈ వారం మాత్రం వద్దు. ఎండలు ముదిరాయంటే చాలు, నాకు ఈ ఉత్తరం వస్తుంది. ఊరు మారుతుంది, కారు మారుతుంది, కథ మారదు.

బీరువాలో ఉన్న రెండో తాళంచెవి తెచ్చి నొక్కండి. అది పనిచేస్తే కారు నిర్దోషి, లోపం మొదటి కీలోనే ఉంది. రెండూ పనిచేయకపోతే కీ మీద ఒక్క రూపాయి పెట్టవద్దు. ఫ్యూజు, సిగ్నల్ అందుకునే రిసీవరు, దాని వైర్లు, కారు పెద్ద బ్యాటరీ చూపించండి. ఈ అర నిమిషం పరీక్ష చేయకుండానే కొత్త కీ అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. ఫోన్ కెమెరా ముందు రిమోట్ నొక్కి వెలుగు కనిపించడం లేదు కాబట్టి చచ్చిపోయింది అని తేల్చేవాళ్లు మరొక రకం. ఆ చిట్కా టీవీ రిమోట్‌కు. కారు కీ పంపేది రేడియో తరంగం. మన దగ్గర ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్. అది ఏ కెమెరాకూ కనిపించదు.

ఇక “సెల్లు మార్చాను” అనే మాట. దీన్ని నమ్మడం మానేసి చాలాకాలమైంది, నా సొంత అనుభవం వల్లే. ఒక మే నెలలో పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసి బయటికి వచ్చేసరికి కారు నన్ను గుర్తుపట్టలేదు. సెల్లు వేయించి పది రోజులు కాలేదు. తాళంచెవిని పాతకాలం పద్ధతిలో తలుపులో పెట్టి తిప్పి, లోపల కూర్చుని, రూపాయి బిళ్లతో కీని రెండు చిప్పలుగా విప్పాను. సెల్లు కింద నుంచి మడతపెట్టిన వెండి కాగితం ముక్క ఒడిలో పడింది. సీఆర్ 2032 ఉండాల్సిన చోట సీఆర్ 2025 వేసి, వదులు పూడ్చడానికి కాగితం దోపారు! ఆ అంకెలు అలంకారానికి ముద్రించినవి కావు. 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం, 25 అంటే 2.5. రెండూ 3 వోల్టులవే, పైనుంచి చూస్తే కవలలే. ఆ 0.7 మిల్లీమీటర్ల ఖాళీలో సెల్లు ఊగుతుంది, జేబులో ఉన్నప్పుడు బాగుంటుంది, అవసరమైనప్పుడు జారుకుంటుంది.

కాబట్టి ముందు అంకె చూడండి, తర్వాత ప్యాకెట్ మీది తేదీ చూడండి. సెల్లు కూర్చునే లోహపు రేకు మీద ఆకుపచ్చ మరక ఉంటే చెమటో నీరో చేరిందని అర్థం. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, రేకును కాస్త పైకి లేపండి. మిల్లులో ఉండేవారు కనుక బటన్ల కింద తవుడు దుమ్ము ఎంత చేరిందో కూడా చూడండి. లాక్ పడుతోంది, అన్‌లాక్ పడటం లేదు అంటే ఆ ఒక్క బటన్ కింది చిన్న స్విచ్ పోయినట్లే. ఫోన్లు బాగుచేసే కుర్రవాడెవరైనా దాన్ని మార్చి టంకం వేయగలడు. కీ మీది ఎర్ర దీపం వెలుగుతోంది కదా అని వాదించకండి. నీరసించిన సెల్లు దీపం వెలిగించగలదు, సిగ్నల్‌ను పది గజాలు మోయలేదు.

మరో అనుమానం. మీది బేసిక్ మోడల్ అయి, సెంట్రల్ లాకింగ్‌ను బయట యాక్సెసరీల దుకాణంలో బిగించుకున్నారా? అయితే కంపెనీ కీకి దీనితో సంబంధమే లేదు. డ్యాష్‌బోర్డు కింద ఎక్కడో టేపు చుట్టిన వైర్లతో ఒక చిన్న పెట్టె వేలాడుతుంటుంది, ఆ వైరు మధ్యలోనే దాని ఫ్యూజు ఉంటుంది. అక్కడ మొదలుపెట్టాలి. అన్ని తలుపులూ పడి డ్రైవర్ తలుపు ఒక్కటే మొరాయిస్తే, తలుపు సందులోని రబ్బరు గొట్టంలో తెగిన వైరో, అలిసిన లాక్ మోటారో కారణం. ఎక్కువసార్లు తెరిచేది ఆ తలుపునే కదా.

ఇంతవరకూ మరమ్మతు. నా అసలు భయం మీ ఉత్తరంలోని మొదటి రెండు వాక్యాలు. రెండుసార్లు నొక్కడం, నాలుగుసార్లు నొక్కడం మీకు అలవాటైపోయింది. 2015లో సామీ కామ్‌కార్ అనే అమెరికా పరిశోధకుడు అరచేతిలో ఇమిడే పరికరం ఒకటి చేసి చూపించాడు. కీ ప్రతి నొక్కుకూ ఒక కొత్త కోడ్ పంపుతుంది. మీరు మొదటిసారి నొక్కినప్పుడు ఆ పరికరం సిగ్నల్‌ను కారుకు చేరనివ్వకుండా అడ్డుపడి, ఆ కోడ్‌ను దాచుకుంటుంది. మీరు విసుక్కుని మళ్లీ నొక్కుతారు. రెండో కోడ్‌నూ దాచుకుని, మొదటిదాన్ని కారుకు పంపుతుంది. తలుపు పడుతుంది, మీరు వెళ్లిపోతారు, ఇంకా వాడని కోడ్ దొంగ దగ్గర మిగులుతుంది. ఇంత తెలివి కూడా లేని దొంగకు సిగ్నల్‌ను అడ్డుకునే ఉట్టి జామర్ చాలు. మీరు లాక్ నొక్కి వెనక్కి చూడకుండా నడుస్తారు, తలుపులు తెరిచే ఉంటాయి. జామర్ దగ్గర పెట్టుకోవడం మన దేశంలో నేరమే, కానీ దొంగతనమూ నేరమే కదా.

సెల్లు బాగున్న కీ ఒక్క నొక్కుకు పలకకపోతే అదొక హెచ్చరిక. నీరసపు సెల్లుతో ఆరు నెలలు తిరిగినవారికి ఆ హెచ్చరిక వినిపించదు, వాళ్లకు రోజూ అంతే. వంద రూపాయల లోపు సెల్లు దగ్గర పిసినారితనం చేసి పోగొట్టుకునేది ఇదే. నేనైతే దీపాలు మిణుక్కుమనడం చూస్తాను, ఆ పైన పిడి లాగి చూస్తాను. చెర్వుగట్టు జాతర రోజుల్లో పార్కింగ్‌లో రెండుసార్లు లాగుతాను.

జడ్చర్ల నుంచి: “సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. ఒకే కీ ఇచ్చి రెండోది పోయిందన్నారు. రోడ్డు పక్కన తాళాలు చేసే ఆయన డూప్లికేట్ చేసిస్తాడట. చేయించవచ్చా?”

అమ్మినాయనకు పోయింది, సరే. దొరికినవాడికి? మీ కారుకు ఆ కీ ఇంకా సొంత మనిషే. కీ తలలోని ఇమ్మొబిలైజర్ చిప్‌కు, అంటే తన కీ అని కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ కానిచ్చే చిప్‌కు, సెల్లుతో పని లేదు, కారు దగ్గరి అయస్కాంత క్షేత్రం నుంచే శక్తి తీసుకుంటుంది. అందుకే రిమోట్ చచ్చిన కీతోనూ ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. మీకు కావలసింది ఇంకో కీ చేర్చడం ఒక్కటే కాదు, పాతవి తొలగించడం. కారుకు స్కానర్ తగిలించి, ఇప్పుడు ఎన్ని కీలు నమోదై ఉన్నాయో తెర మీద చూపించమనండి. అన్నీ చెరిపించి మీ చేతిలో ఉన్నవి మాత్రమే ఎక్కించమనండి. పని మీ కళ్లెదుటే జరగాలి, “రేపు రండి” అంటే కీ వెనక్కి తీసుకోండి. రెండో కీ పోయిన సంగతి అమ్మినాయన చేత రాతపూర్వకంగా తీసుకుని బీమా కంపెనీకి కూడా తెలపండి. కారు దొంగతనం క్లెయిమ్‌లో వాళ్లు అడిగే మొదటి వస్తువుల్లో రెండు కీలూ ఉంటాయి.

మహబూబ్‌నగర్ నుంచి: “పుష్ బటన్ స్టార్ట్ కారు. మన్యంకొండ దగ్గర రాత్రిపూట కీ పలకలేదు. గంటసేపు మెకానిక్ కోసం ఎదురుచూశాం.”

కీ పక్కన చిన్న మీట ఉంటుంది, లాగితే లోపలి నుంచి మామూలు తాళంచెవి వస్తుంది. దాన్ని పెట్టే రంధ్రం డ్రైవర్ తలుపు పిడి మీది ప్లాస్టిక్ మూత కింద ఉండవచ్చు. లోపలికి వెళ్లాక కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్ట్ అవుతాయి. మీకు ఇది తెలియకపోవడం మీ తప్పు అనను. రాత్రిపూట కుటుంబంతో నిలబడ్డ మనిషికి దారి చూపాల్సిన రంధ్రాన్ని అందం చెడుతుందని మూతేసి దాచినవాళ్లది తప్పు. సన్‌రూఫ్‌కు బ్రోచర్‌లో పేజీ ఇస్తారు, దీనికి మాన్యువల్ చివర రెండు లైన్లు.

కీ జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకునే ఈ ఏర్పాటు మీదే నాకు సదభిప్రాయం లేదు. 2011లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్లను పరీక్షించారు. ఇంట్లో ఉన్న కీ సిగ్నల్‌ను రెండు పరికరాలతో కారు దాకా సాగదీసి, పదింటినీ తెరిచి స్టార్ట్ చేశారు. కోడ్ ఛేదించే పని కూడా పడలేదు. కదలకుండా ఉంటే నిద్రపోయే కీలు తర్వాత వచ్చాయి, అవి మీ కారుకు ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే రాత్రి కీని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి. ముందుగా ఆ డబ్బా పట్టుకుని కారు పక్కన నిలబడి పిడి లాగండి. తెరుచుకుంటే ఆ డబ్బా పప్పులకే.

దేవరకొండ నుంచి ఒక తల్లి: “మా బాబు కీతో ఆడుకుంటూ గంటల తరబడి నొక్కుతాడు. పాడవుతుందా?”

కీ ప్రతి నొక్కుకూ కొత్త కోడ్ ఇస్తుంది, కారు కూడా లెక్క పెట్టుకుంటుంది. కారుకు వినపడని దూరంలో నొక్కుతూ పోతే కీ ముందుకు వెళ్లి కారు వెనకబడుతుంది. విరివిగా వాడిన ఒక పద్ధతిలో 16 నొక్కుల తేడా వరకు కారు సర్దుకుంటుంది, అది దాటితే కారు దగ్గర వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే మళ్లీ కలుస్తాయి. కొన్నింటికి ఇగ్నిషన్ ఆన్ చేసి నొక్కాలి, మాన్యువల్‌లో ఉంటుంది. కీ గురించి దిగులు లేదు. కానీ ఆ చిప్ప ఊడి సెల్లు బాబు చేతికి వస్తే? గొంతులో ఇరుక్కున్న 20 మిల్లీమీటర్ల లిథియం సెల్లు రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత సెల్లును అటూ ఇటూ టేపు అంటించి పారేయండి, కీని మేకుకు తగిలించండి.