విడాకులయ్యాక బయటపడ్డ స్థలం: రాజీని తిరగదోడొచ్చా?

ప్రశ్న: 2022లో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. 'నాకున్నది ఈ ఫ్లాట్ ఒక్కటే, దాని మీదా లోన్ ఉంది' అంటే నమ్మి 12 లక్షలకు ఒప్పుకున్నాను. శంకర్‌పల్లి దగ్గర ఆయనకు 400 గజాల స్థలం ఉందని ఈమధ్యే తెలిసింది. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీయిస్తే 2019లోనే ఆయన పేరున రిజిస్టరైనట్టు ఉంది. ఇకపై ఏమీ అడగనని సంతకం కూడా పెట్టాను. ఇప్పుడేమైనా చేయొచ్చా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: చేయొచ్చమ్మా. కాకపోతే భర్త ఆస్తిలో భార్యకు సగం అనే చట్టం మన దగ్గర లేదు. ఆ స్థలంలో 200 గజాలు మీకు రావు. అది ఉందని తెలిస్తే 12 లక్షలకు ఒప్పుకునేవారా అన్నదే మీ కేసు.

ఈసీలోని 2019 తేదీ మీకు బలం. విడాకుల తర్వాత కొని ఉంటే దాచాడనడానికే లేదు. ఇక తేలాల్సింది, ఫ్లాట్ ఒక్కటేనని ఆయన ఎక్కడ చెప్పారన్నది. నోటిమాటే అయితే నిరూపించడం కష్టం. రాజీపత్రంలోనో, ఆస్తి అప్పుల అఫిడవిట్‌లోనో రాసి ఉంటే సగం పని అయినట్టే. భరణం కేసుల్లో ఇద్దరూ ఈ అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020లో రజనేష్–నేహా కేసులో చెప్పింది. పరస్పర అంగీకారం అనగానే తొందరగా అయిపోతే చాలనుకుని దాన్ని పట్టించుకోని వాళ్లే ఎక్కువ. మీ పాత ఫైలులోని కాగితాలన్నిటికీ ముందు సర్టిఫైడ్ కాపీలు తీయించండి.

'ఇక అడగను' అన్న షరతు చూసి టెన్షన్ పడకండి. కోర్టును మోసగించి తెచ్చుకున్న డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) చెల్లదని సుప్రీంకోర్టు చెంగల్వరాయ నాయుడు కేసులో ఏనాడో తేల్చింది.

రాజీ డిక్రీని రద్దు చేయమని కొత్తగా సివిల్ దావా వేస్తే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 23 రూల్ 3ఏ అడ్డొస్తుంది. డిక్రీ ఇచ్చిన ఫ్యామిలీ కోర్టుకే వెళ్లండి. డబ్బుకు సంబంధించిన భాగాన్నే తిరగదోడమనండి. విడాకులే రద్దు చేయమంటే, ఈలోపు ఎవరికైనా మళ్లీ పెళ్లయి ఉంటే లేనిపోని చిక్కు. అదే పిటిషన్‌లో హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం కూడా కోరండి. డిక్రీ తర్వాతైనా అడిగే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. పిల్లలుంటే వాళ్ల భరణం మీ సంతకంతో పోదు.

లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం తెలిసిన రోజు నుంచే గడువు లెక్క, సాధారణంగా మూడేళ్లు. ఈసీ రసీదు జాగ్రత్త చేయండి. పిటిషన్‌తోపాటే స్థలం అమ్మకుండా ఇంజంక్షన్ అడగండి. అప్పటిదాకా ఆయనకు ఫోన్ చేసి నిలదీయకండి. వారం తిరక్కుండా అది వాళ్లమ్మ పేరున గిఫ్ట్ డీడ్ అయిపోతుంది.