యుద్ధనౌకలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పని ఏంటి?

కెప్టెన్ ఉండగా ఓడకి రెండో అధికారి దేనికి అన్న అనుమానం సహజమే. కానీ రోజువారీగా ఓడని నడిపించేది ఆ రెండో మనిషే. ఆయనే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, నౌకాదళాల్లో క్లుప్తంగా ఎక్స్‌ఓ అంటారు.

ఎటు వెళ్లాలి, ఎలా పోరాడాలి అన్నది కెప్టెన్ నిర్ణయం. అందుకు ఓడనీ సిబ్బందినీ సిద్ధంగా ఉంచడం ఎక్స్‌ఓ బాధ్యత. డ్యూటీలు, శిక్షణ, క్రమశిక్షణ, సెలవుల గొడవలు అన్నీ ముందు అక్కడికే వస్తాయి. తనిఖీకి వెళ్తే చిన్న విషయాలే పట్టి చూడాలి. ఉదాహరణకి, నీరు చొరబడని తలుపు చుట్టూ ఉండే రబ్బరు మీద పెయింటు పడితే అది గట్టిపడి, తలుపు సరిగ్గా బిగుసుకోదు. ఓడకి చిల్లు పడిన రోజున ఆ సందులోంచే నీళ్లు పక్క గదిలోకి వస్తాయి.

కెప్టెన్‌తో అభిప్రాయభేదం ఉంటే నాలుగు గోడల మధ్యే చెప్పాలి. బయటికొచ్చాక ఆ ఆజ్ఞని తనదిగానే అమలు చేయాలి. నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం ఇదే.

ఇక అసలు పరీక్ష కెప్టెన్ లేనప్పుడు. 1943 ఫిబ్రవరిలో అమెరికా జలాంతర్గామి గ్రౌలర్ పైభాగంలో కెప్టెన్ హోవర్డ్ గిల్మోర్ తూటాలకి గాయపడ్డారు. కిందికి దిగే వ్యవధి లేక, తనని వదిలేసి జలాంతర్గామిని నీటి అడుగుకి దించమని ఆజ్ఞాపించారు. ఎక్స్‌ఓ ఆర్నాల్డ్ షేడ్ ఆ ఆజ్ఞ పాటించి, ముందుభాగం వంగిపోయిన ఓడని బ్రిస్బేన్ చేర్చారు.