టెక్ సందేహాలు: పాత కారు బేరానికి ముందు ఫోన్ బయటికి తీయండి

ఈ వారం వచ్చిన సందేహాల్లో సగానికి పైగా పాత కార్ల గురించే. మన ఇళ్లలో మొదటి కారు చాలావరకు సెకండ్ హ్యాండే. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక్క రోజులో చేతులు మారుతుంది. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: 2018 ఎర్టిగా డీజిల్ చూశాం. మీటరు 52 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. 7 లక్షల 20 వేలు చెబుతున్నారు. మీటరు వెనక్కి తిప్పారేమోనని మావారి అనుమానం. ఫోన్‌తో కనిపెట్టొచ్చా? (ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు)

మీవారు అనుమానించడంలో తప్పు లేదు. డిజిటల్ మీటరు కాబట్టి ఎవరూ మార్చలేరని చాలామంది అనుకుంటారు. నిజానికి దాన్ని మార్చడమే తేలిక, ల్యాప్‌టాప్ తగిలించి కాసేపట్లో అంకె తగ్గించేస్తారు. పైగా మీరు చూసింది డీజిల్ బండి. పెట్రోలు కంటే ఎక్కువ ధర పెట్టి డీజిల్ కొనేది ఎక్కువ తిరగడానికే. ఏడు సీట్ల డీజిల్ బండి ఏడాదికి ఏడెనిమిది వేల కిలోమీటర్లే తిరిగిందంటే ఎందుకో అడగాల్సిందే.

మొదట సర్వీసు చరిత్ర చూడండి. కంపెనీ సర్వీసు సెంటర్‌కు బండి వెళ్లిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు నమోదవుతాయి. ఓనరును తన ఫోన్‌లోనే కంపెనీ యాప్ తెరిచి చూపించమనండి, లేదా ఆయన్ను వెంటబెట్టుకుని సర్వీసు సెంటర్‌కు వెళ్లండి. 2021లో 64 వేలు ఉన్న బండి ఇప్పుడు 52 వేలు చూపిస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, లేచి వచ్చేయండి. చరిత్ర మధ్యలో రెండేళ్లు ఖాళీగా ఉన్నా జాగ్రత్త పడాలి.

తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3221 అంటే 2021లో 32వ వారంలో తయారైందని అర్థం. స్టెప్నీ కూడా తీయించి చూడండి. దాని మీద బండి పుట్టిన ఏడాదే ఉండి, మిగతా నాలుగూ నిరుడు తయారైనవైతే, ఇవి రెండో జతా మూడో జతా అని అడగండి. 52 వేలకు ఒకసారి మార్చడం మామూలే. మూడో జత అంటే మీటరు లెక్క కుదరదు.

ఇక అసలు పరికరం ఓబీడీ అడాప్టర్, అంటే బండి కంప్యూటర్‌ను ఫోన్‌లో చదివించే పరికరం. అగ్గిపెట్టె అంత ఉంటుంది, వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అడాప్టర్‌ను అందులో గుచ్చి, తాళం ఆన్ చేసి, ఫోన్‌ను బ్లూటూత్‌తో కలిపి, టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ తెరవండి. ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. ఉదాహరణకు పీ0401 వస్తే ఈజీఆర్ వ్యవస్థలో (పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) పొగ తగినంతగా తిరగడం లేదని అర్థం, డీజిల్ బండ్లలో తరచూ కనిపించే సమస్యే. ఐఫోన్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. చవక బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఐఫోన్‌తో కలవవు. వైఫై రకం తీసుకోండి.

కోడ్‌లేమీ లేవని అప్పుడే సంబరపడొద్దు. అదే యాప్‌లో 'కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం' అనే అంకె వెతకండి. నిరుడు మా బావగారితో ఒక డీలరు దగ్గరికి వెళ్లాను. బండి తళతళలాడుతోంది, డ్యాష్‌బోర్డులో ఒక్క లైటూ లేదు. అడాప్టర్ పెట్టి చూస్తే ఆ దూరం 6 కిలోమీటర్లు. అంటే మేం వచ్చే ముందే ఎవరో కోడ్‌లు చెరిపేశారు. బ్యాటరీ తీసినా కొన్ని బండ్లలో ఆ అంకె సున్నా అవుతుంది కాబట్టి, కొత్త బ్యాటరీ వేశారా, బిల్లు ఉందా అని అడిగాం. బిల్లు లేదు. పది కిలోమీటర్లు నడిపి చూస్తామంటే కుదరదన్నారు. మా బావగారు ఆ బండి వదిలేశారు.

అన్ని బండ్లూ ఈ అంకె చూపించవు. పాత బండ్లలో చాలావరకు మీటరు రీడింగ్ కూడా ఓబీడీలో రాదు. అందుకే సర్వీసు చరిత్ర, టైర్లు, ఓబీడీ మూడూ కలిపి చూడమంటున్నాను.

బేరం సంగతి. "కొంచెం తగ్గించండి" అంటే ఐదు వేలు తగ్గుతుంది. దొరికిన ప్రతి లోపాన్నీ ఫోన్‌లో రాసుకుని, పక్కన ఖర్చు వేసి ఓనరు ముందు పెట్టండి. నాలుగు టైర్లు మార్చాలంటే ఇరవై వేల పైమాటే. బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, నెలలో అయిపోయే ఇన్సూరెన్స్ అన్నీ ఆ లెక్కలోకి రావాలి. రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నెంబరు కొట్టి, పాత చలాన్లు ఉంటే వాటినీ కలపండి. లెక్క కళ్లముందు ఉంటే ఎదుటివాళ్లకూ కోపం రాదు.

ప్రశ్న: 2022 మోడల్ కారు మార్కెట్ రేటు కంటే లక్షన్నర తక్కువకు ఇస్తామంటున్నారు. ఏపీ 39 నెంబరు. ఎందుకింత తక్కువో అర్థం కావడం లేదు. (గుంటూరు)

2019 నుంచి ఏపీలో రాష్ట్రమంతా ఒకే సిరీస్ కాబట్టి నెంబరు చూసి ఏ ఊరి బండో చెప్పలేం. ఆర్సీలో చిరునామా చూడండి. విజయవాడ సింగ్‌నగర్ వైపుదైతే, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ముంచెత్తినప్పుడు కారు ఎక్కడుందో నేరుగా అడగండి. ఆ వరదలో మునిగిన బండ్లన్నీ తుక్కుకు పోలేదు.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. బయట కనిపించే భాగం కడుగుతారు గానీ, లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. అక్కడ బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ గుంటలో ఒండ్రు, సీటు పట్టాల కింద తుప్పు ఉన్నాయేమో ఫోన్ టార్చ్ వేసి చూడండి. ఏసీ వేసినప్పుడు ముక్కిన వాసన వస్తోందా గమనించండి.

పాత ఇన్సూరెన్స్ పాలసీలు కూడా అడగండి. క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ ఏటా 20, 25, 35 శాతం అలా పెరుగుతుంది. క్లెయిమ్ చేస్తే మామూలుగా సున్నాకు పడిపోతుంది. 2024లో 25 ఉన్న బోనస్ 2025 పాలసీలో సున్నా అయితే మధ్యలో ఏం జరిగిందో చెప్పమనండి.

పిల్లలు ఎక్కే బండి కాబట్టి ఇంకొకటి. తాళం ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, పేలిపోయిన ఎయిర్‌బ్యాగును మార్చకుండా లైటు తీసేసి ఉండొచ్చు. అలాంటి బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

ప్రశ్న: డీలరు 5 లక్షల కారుకు 18 శాతం జీఎస్టీ అదనం అంటున్నారు. 90 వేలు కట్టాలా? (వరంగల్)

అక్కర్లేదు. 18 శాతం పడేది డీలరు లాభం మీదే, మొత్తం ధర మీద కాదు. ఆయన 4 లక్షల 60 వేలకు కొని మీకు 5 లక్షలకు అమ్మితే, పన్ను లెక్క ఆ 40 వేల మీదే. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికైతే జీఎస్టీయే లేదు. ఇంకో మాట కూడా ఆయనతో అనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కొత్త బండ్ల ధరలు దిగాయి. పాత బండికి పాత రేటు చెబుతుంటే, అదే మోడల్ ఇవాళ్టి షోరూం ధర చూపించి మాట్లాడండి.

ప్రశ్న: మూడు నెలల క్రితం 2021 మోడల్ ఎస్‌యూవీ కొన్నాం. నిన్న పాత ఓనరు ఫోన్ చేసి "శ్రీశైలం వెళ్లొచ్చారటగా" అన్నారు. ఆయనకెలా తెలిసింది? చాలా టెన్షన్‌గా ఉంది. (హైదరాబాద్)

హ్యుందాయ్ బ్లూలింక్, కియా కనెక్ట్, టాటా ఐరా లాంటి, కారును ఫోన్ యాప్‌తో కలిపే కనెక్టెడ్ వ్యవస్థలు ఉన్న బండ్లలో, పాత ఓనరు తన యాప్‌లోంచి కారును తీసేయకపోతే అది ఎక్కడుందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని మోడళ్లలో తలుపులు తీయడం, ఏసీ ఆన్ చేయడం కూడా కుదురుతుంది. ఆయన ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు, కానీ మీ ఇంట్లోవాళ్లు ఎక్కడ తిరుగుతున్నారో ఆయనకు తెలియాల్సిన పని లేదు. ఆయన యాప్‌లో కారును తొలగించాలి, మీరు కారు స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ పేరుతో కొత్తగా నమోదు చేసుకోవాలి. ఆయన కుదరదంటే ఆర్సీ పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లి ఓనరు మార్పు అడగండి.

మూడు నెలలైంది కదా, ఆర్సీ మీ పేరుకు మారిందా? చట్టం ప్రకారం కొన్న 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఎంపరివాహన్ యాప్‌లో లేదా రవాణా శాఖ సైట్‌లో నెంబరు కొట్టి చూడండి. అక్కడ ఫైనాన్సర్ పేరు కనిపిస్తే, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 పాత ఓనరు నుంచి తీసుకోవాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోనే అడగాల్సింది. ఇప్పటికీ మారకపోతే, మీ కారుకు దెబ్బ తగిలినప్పుడు కంపెనీ డబ్బు ఇవ్వననే అవకాశం ఉంది. ఆయన ఫాస్టాగ్ కూడా మూయించి మీ పేరుతో కొత్తది తీసుకోండి.

ఆర్సీ మారకపోతే ఆయనకూ ముప్పే. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాట చెబితే ఆయనే తొందరపడతారు. ఈ ఆదివారం ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఇద్దరూ కారులో కూర్చుని ఆయన యాప్‌లోంచి బండిని తీయించండి. ఆయన వెళ్లకముందే ఆర్సీ పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు ఉన్నాయో లేదో చూసుకోండి.