ఫుకుషిమా రోజుల్లో జపాన్ ప్రభుత్వం నిజం చెప్పిందా?

మీరు అడిగింది ఇది: 2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం జరిగినప్పుడు జపాన్ ప్రభుత్వం జనానికి ఉన్నది ఉన్నట్టు చెప్పిందా, అక్కడున్న మనవాళ్ళు ఎవరి మాట నమ్మారు, రేపు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వస్తే మనం ఏం అడగాలి.

అప్పుడు నేను టోక్యోలో, నిషికసాయ్‌లో ఉండేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, ఏడు నెలల పాప. ఆ పేటలో భారతీయులు ఎక్కువ. ప్రమాదం జరిగిన ఫుకుషిమా దాయిచి కేంద్రం మాకు సుమారు 220 కిలోమీటర్ల దూరం. అక్కడి ఊళ్ళవాళ్ళు పడ్డదాని ముందు మాది అసలు కష్టమే కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

నాకు అర్థమైనంతలో, అందరూ దాచలేదు, అందరూ చెప్పలేదు. కొలిచిన అంకె బయటపెట్టి, దాన్ని బట్టి ఏం చేయాలో చెప్పిన ఆఫీసులు ఉన్నాయి. అంకె లేకుండా "కంగారు పడొద్దు" అని మాత్రమే చెప్పినవీ ఉన్నాయి. ఆ రెండో రకం మాట విన్నప్పుడల్లా మాకు కంగారు పెరిగింది.

మార్చి 11 శుక్రవారం మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూకంపం, దాని వెనకే సునామీ. చనిపోయినవాళ్ళు, గల్లంతైనవాళ్ళు కలిపి 18 వేల పైమాటే. అందులో దాదాపు అందరూ సునామీకి బలైనవాళ్ళే, రేడియేషన్‌కు కాదు. దాయిచిలో నీళ్ళు డీజిల్ జనరేటర్లను ముంచేశాయి. కరెంటు పోయింది, రియాక్టర్లను చల్లబరిచే దారి పోయింది.

12వ తేదీ మధ్యాహ్నం 3:36కి ఒకటో యూనిట్ రియాక్టర్ భవనం పేలింది. ఫుకుషిమాలోని ఒక స్థానిక చానెల్ కెమెరాకు అది దొరికింది, కొద్ది నిమిషాల్లో వాళ్ళు చూపించేశారు. దేశమంతా కనిపించడానికి గంటకు పైగా పట్టింది. ప్రధాని నవోతో కాన్ కూడా టీవీలోనే చూశారు. అప్పటికి కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ నుంచి ఆయనకు కబురు లేదు. ప్రభుత్వం తరఫున మాట్లాడే క్యాబినెట్ ముఖ్య కార్యదర్శి యుకియో ఎదానో 5:47కి మైకు ముందుకొచ్చి "ఏదో పేలుడు లాంటి ఘటన" అన్నారు. భవనం పైభాగం ఎగిరిపోవడం అందరం చూశాం, ఈయన 'లాంటి' అంటున్నారు. మా ఆఫీసులో జపాన్ సహోద్యోగులు పైకి ఏమీ అనేవాళ్ళు కాదు కానీ, ఇద్దరు ముగ్గురు సోమవారానికి పిల్లల్ని ఒసాకా వైపు చుట్టాల ఇళ్ళకు పంపేశారు. నాకు అది చాలు కదా.

ఎదానోను పూర్తిగా తిట్టలేను. నీలం రంగు పని బట్టల్లో రోజుకు ఎన్నోసార్లు వచ్చి అడిగినదానికల్లా జవాబు ఇచ్చేవారు. నిద్రలేని ఆ మొహం చూసి "ఎదానో, పడుకో" అని ట్విట్టర్‌లో జనమే రాశారు. మనిషి కనపడటం కూడా నాయకత్వంలో భాగమే. కానీ "ఇప్పటికిప్పుడు ఆరోగ్యానికి ఇబ్బంది లేదు" అని పదేపదే చెప్పారే, అక్కడ దెబ్బతిన్నారు. ఇప్పుడు లేకపోతే మరెప్పుడు అని ప్రతి తల్లీ అడిగింది.

ఇంటి నుంచి ఫోన్ల సంగతి వేరే. మా అత్తగారు హైదరాబాద్‌లో తెలుగు చానెళ్ళు పెట్టుకుని కూర్చుని, గంటకోసారి "అల్లుడుగారూ, మీరు తర్వాత రండి, ముందు అమ్మాయినీ పాపనీ విమానం ఎక్కించండి" అనేవారు. ఇక్కడ టీవీలో తగ్గించి చెబుతున్నారని అనుమానం, అక్కడ టీవీలో టోక్యో ఖాళీ అయిపోయిందన్నట్టు హడావిడి. ఆ మధ్యలో నేను పట్టుకున్నది టోక్యో ప్రజారోగ్య సంస్థ వెబ్‌సైట్ ఒక్కటే. షింజుకులో గాలిలో రేడియేషన్ ఎంతుందో గంట గంటకూ పెట్టేవాళ్ళు. 15వ తేదీ ఉదయం అది కాసేపు గంటకు 0.8 మైక్రోగ్రే దాకా, అంటే మామూలు స్థాయికి పది రెట్ల పైకి వెళ్ళి, మళ్ళీ దిగింది. పెరిగినప్పుడు పెరిగిందని పెట్టారు కాబట్టే, దిగిందన్నప్పుడు నమ్మబుద్ధేసింది.

మార్చి 23 మాత్రం మర్చిపోలేను. టోక్యో ప్రభుత్వం మధ్యాహ్నం ప్రకటించింది: కనామాచి నీటి శుద్ధి కేంద్రంలో లీటరుకు 210 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం) రేడియోధార్మిక అయోడిన్ ఉంది, పెద్దలకు పరిమితి 300, ఏడాది లోపు పిల్లలకు 100, కాబట్టి పసిపిల్లలకు కుళాయి నీళ్ళు పట్టకండి, వాటితో డబ్బా పాలు కలపకండి. మా నీళ్ళు ఆ కేంద్రం నుంచే వస్తాయి. మా ఆవిడ అప్పుడే ఫ్లాస్కులో నీళ్ళు కాచి పోసి ఉంచింది. మరిగిస్తే పోతుందేమో అంది. అయోడిన్ మరిగిస్తే పోదు, నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఫ్లాస్కు సింకులో ఒంపేసి కిందికి పరిగెత్తాను. సూపర్‌మార్కెట్‌లో నీళ్ళ సీసాల అర అప్పటికే ఖాళీ, ధర చీటీలు మాత్రం మిగిలాయి. మా కింది అంతస్తులో ఉండే జపాన్ పెద్దావిడ తలుపు కొట్టి రెండు లీటర్ల సీసా చేతిలో పెట్టి వెళ్ళింది.

మర్నాడు వార్డు వాళ్ళు పసిపిల్లలున్న ఇళ్ళకు సీసాలు పంచారు. ఒక్కో పిల్లకు 550 మిల్లీలీటర్లవి మూడు. వరసలో తోపులాట లేదు. పాప ఆరోగ్య పుస్తకం చూపించాం, ఇచ్చారు. ఆ రోజే కనామాచిలో అంకె 79కి దిగింది, హెచ్చరిక తీసేశారు.

ఆ వారమంతటిలో చేదు వార్త అదే. అయినా టెన్షన్ తగ్గింది కూడా ఆ వార్త తర్వాతే, కనీసం మా ఇంట్లో. ఎందుకంటే అందులో అన్నీ ఉన్నాయి: ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది, పరిమితి ఎంత, ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు. వేరే నీళ్ళు బొత్తిగా దొరక్కపోతే ఇవి పట్టినా ఫరవాలేదు అని కూడా చెప్పారు. ఆ చివరి ముక్క చెప్పడానికి ధైర్యం కావాలి.

ఇప్పుడు దాచిన సంగతులు. ఇవి తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి, చదివినకొద్దీ కడుపు మండింది.

నమియె అనే ఊరుంది, కేంద్రానికి ఉత్తరాన. ఖాళీ చేయమన్న ఆదేశం అక్కడి మేయర్ టీవీలో చూసి తెలుసుకున్నారు. జనాన్ని వాయవ్యంగా, కొండల వైపున్న త్సుషిమాకు తీసుకెళ్ళారు. కేంద్రానికి దూరంగా పోతున్నామనే కదా ఎవరైనా అనుకుంటారు. వేల మంది అక్కడి బడుల్లో, హాళ్ళలో 15వ తేదీ దాకా ఉన్నారు, పిల్లలు బయట ఆడుకున్నారు. గాలి, దానితో రేడియేషన్ మేఘం వెళ్ళింది సరిగ్గా ఆ దిక్కుకే. రేడియేషన్ ఎటు పోతుందో అంచనా వేయడానికే కట్టిన స్పీడీ అనే కంప్యూటర్ వ్యవస్థ ప్రభుత్వం దగ్గర ఉంది, అది లెక్కలు కడుతూనే ఉంది. ఆ పటాల్లో మొదటిది జనానికి చూపించింది 23న. అమెరికా సైన్యానికి మాత్రం 14నే అందాయి. ఎంత రేడియేషన్ విడుదలైందో కచ్చితంగా తెలియకుండా వేసిన లెక్కలు, నమ్మదగ్గవి కావు అని అధికారులు సమర్థించుకున్నారు. ఉండొచ్చు. కానీ ఎంత అన్నది తెలియకపోయినా ఎటు అన్నది తెలుసు. నమియె వాళ్ళకు కావలసింది ఆ ఒక్కటే.

మెల్ట్‌డౌన్, అంటే రియాక్టర్ లోపల ఇంధనం కరిగిపోవడం, ఆ సంగతి మరీ అన్యాయం. ఇంధనం కరగడం మొదలై ఉండొచ్చని 12వ తేదీనే అణు భద్రతా సంస్థ ప్రతినిధి ఒకాయన విలేకరులతో అన్నారు. ఆయన్ను ఆ సమావేశాల నుంచి తప్పించారు. టెప్కో ఆ మాట ఒప్పుకున్నది మే నెలలో. ఆ పదం వాడొద్దని అప్పటి కంపెనీ అధ్యక్షుడే చెప్పాడని విచారణలో తేలి, కంపెనీ క్షమాపణ చెప్పింది 2016లో! ప్రధాని కార్యాలయం చెప్పమంటేనే అలా చేశారని ఆ విచారణ నివేదిక సూచించింది, కాన్, ఎదానో ఇద్దరూ కాదన్నారు. ఇక ప్రభుత్వ అత్యవసర కమిటీ సమావేశాలకు మినిట్స్ కూడా రాయలేదని 2012 జనవరిలో తెలిసింది. మన గ్రామ సభకైనా రిజిస్టర్ ఉంటుంది.

నేను ఇప్పటికీ తేల్చుకోలేనిది ఒకటుంది. కాన్ అడిగితే అణుశక్తి కమిషన్ అధ్యక్షుడు షున్‌సుకే కొందో మార్చి 25న ఒక పత్రం రాసిచ్చారు. పరిస్థితి చేయి దాటితే, నాలుగో యూనిట్‌లో వాడేసిన ఇంధనం ఉన్న కొలను కూడా ఎండిపోతే, 250 కిలోమీటర్ల దాకా జనం తరలిపోవాల్సి రావచ్చని. అంటే మేము కూడా, మొత్తం టోక్యో కూడా. దాన్ని తొక్కిపెట్టారు. ఏడాది చివరికి గానీ బయటికి రాలేదు. చదివిన రోజు కోపంతో ఊగిపోయాను. మా ఆవిడ మాత్రం "ఆ రోజు చెప్పుంటే మూడు కోట్ల మంది ఒకేసారి స్టేషన్‌కు వచ్చేవాళ్ళు, పాపతో మనం ఎక్కడ తేలేవాళ్ళం?" అంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. అయినా "ఇది జరిగే అవకాశం తక్కువ, జరిగినా తయారు కావడానికి వారాల సమయం ఉంటుంది" అని కలిపి చెప్పి ఉండొచ్చని నా అభిప్రాయం.

కాన్ గురించి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. 12న పొద్దున్నే హెలికాప్టర్‌లో కేంద్రానికి వెళ్ళడం అనవసరం, ఊపిరాడని పనిలో ఉన్నవాళ్ళకు అదనపు బరువు. 15 తెల్లవారుజామున టెప్కో ప్రధాన కార్యాలయానికి స్వయంగా వెళ్ళి, కేంద్రాన్ని వదిలేసి పోవడం కుదరదని అరిచి, అక్కడే ఉమ్మడి కార్యాలయం పెట్టించడం మాత్రం సరైన పనే. కోపిష్ఠి అని పేరు, కానీ కబురు సరిగ్గా అందడం మొదలైంది ఆ తర్వాతే. లోపల కేంద్రం మేనేజర్ మసావో యోషిదా రియాక్టర్‌ను చల్లబరచడానికి ఎక్కిస్తున్న సముద్రపు నీళ్ళు ఆపమన్న పై ఆదేశానికి సరేనన్నట్టు నటించి నీళ్ళు ఎక్కిస్తూనే ఉన్నారు.

నాకు నాయకుడిలా కనిపించినవాడు మాత్రం మినామిసోమా మేయర్ కత్సునోబు సకురాయ్. ఆ ఊరిలో చాలా భాగానికి "ఇళ్ళలోనే ఉండండి" అని ఆదేశం వచ్చింది, దాంతో లారీలు రావడం మానేశాయి. విలేకరులూ వెళ్ళిపోయారు. ఆయన కెమెరా ముందు కూర్చుని, ప్రభుత్వం నుంచీ కంపెనీ నుంచీ మాకు సమాచారం అందడం లేదు, తిండి, పెట్రోలు లేవు, సాయం చేయండి అని చెప్పి యూట్యూబ్‌లో పెట్టించారు. వణుకు లేదు, భరోసాలూ లేవు. ప్రపంచమంతా చూసింది, సాయం కదిలింది.

పోయిన నమ్మకాన్ని తిరిగి ఎలా తెచ్చుకున్నారో బియ్యం సంగతి చూడండి. 2011 అక్టోబరులో ఫుకుషిమా గవర్నర్ తమ జిల్లా బియ్యం సురక్షితమని ప్రకటించారు. నెల తిరిగేసరికి ఓనామి అనే చోట రేడియోధార్మికత పరిమితి దాటిన బియ్యం దొరికాయి. ఇక ఎవరు కొంటారు? దాంతో 2012 పంట నుంచి ప్రతి 30 కిలోల బస్తానూ, ఏడాదికి కోటి బస్తాల దాకా, యంత్రంలో పెట్టి పరీక్షించి అంకెలు బయటపెట్టారు. 2015 పంట నుంచి పరిమితి దాటిన బస్తా ఒక్కటీ రాలేదు. మేము ఆ బియ్యం తిన్నాం.

కొవ్వాడ సంగతికొస్తే, కేంద్రం కట్టాలా వద్దా అన్న వాదనలోకి నేను వెళ్ళను. 2020 మేలో విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన తెల్లవారుజామున సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణకు వెళితే ఇవి అడగండి: ఊళ్ళో రేడియేషన్ మీటరు ఎక్కడ పెడతారు, దాని అంకె మా ఫోన్‌లో నేరుగా కనపడుతుందా లేక ఎవరైనా సంతకం పెట్టాక వస్తుందా? గాలి ఎటు వీస్తే ఎటు పోవాలి, ఆ కాగితం తెలుగులో ప్రతి ఇంట్లో ఉంటుందా? వేటకెళ్ళి సముద్రంలో ఉన్నవాళ్ళకు కబురు ఎవరు చెబుతారు? రాత్రి రెండింటికి సైరన్ మోగించే అధికారం ఏ ఉద్యోగి చేతిలో ఉంటుంది, అతను పైవాళ్ళను అడగాలా? జవాబులు రాతపూర్వకంగా ఇమ్మనండి.