గీత కనబడని మనిషి కోసమే ముందు లేవాలి

ప్రశ్న: సార్, నాకు 22 ఏళ్లు. మాది ఒంగోలు దగ్గర పల్లె. కార్డియాలజీ టెక్నీషియన్ డిప్లొమా అయింది. విజయవాడలో ఒక ఆస్పత్రి సీసీయూలో, అంటే గుండె రోగుల ఐసీయూలో, నైట్ డ్యూటీకి పిలిచారు. 16 మంది మానిటర్లు ఒక్కదాన్నే చూడాలట. తెల్లవారుజామున కునుకు పట్టి, సరిగ్గా అప్పుడే ఎవరికైనా ఏదైనా అయితే? ఈ భయంతో ఇంకా సరేననలేదు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేరండమ్మా, కానీ ఒక్క మాట అడిగాక. అదేమిటో చివర్లో చెబుతాను.

మీరు కునుకుకి భయపడుతున్నారు. 19 ఏళ్ల నా నైట్ డ్యూటీల్లో పెద్ద తప్పు జరిగింది మాత్రం నేను పూర్తి మెలకువగా ఉన్నప్పుడే. చేరిన రెండో ఏడు. రాత్రి 3 దాటింది. మానిటర్‌లో 7వ నంబరు మంచం మీది పెద్దాయన గుండె గీత పోయి ‘లీడ్స్ ఆఫ్’, అంటే వైర్లు ఊడాయి అని వచ్చింది. ఆ రాత్రి ఆయనకది నాలుగోసారి. చెమటకి స్టిక్కర్ ఊడి ఉంటుంది, సిస్టర్ ఎలాగూ చూస్తుందిలే అనుకుని సైలెంట్ నొక్కేశాను. పెద్దాయన వైర్లు పీకేసుకుని బాత్రూంకి వెళ్లారు. పడ్డ చప్పుడు విని ఆయమ్మ కేక వేసేదాకా నాకు తెలీదు. ప్రాణానికేం కాలేదు, తుంటి ఎముక విరిగింది. పొద్దున ఆయన భార్య, రాత్రంతా మేలుకున్నావు నాయనా అంటూ ఫ్లాస్కులోంచి నాకు టీ పోసిచ్చారు. జరిగింది ఆవిడకి చెప్పలేకపోయాను.

వీటీ (గుండె ప్రమాదకరమైన వేగంతో కొట్టుకోవడం) అని మోగితే వార్డంతా పరుగెత్తుతుంది. ‘లీడ్స్ ఆఫ్’ మోత చిన్నది, ఎవరూ తల తిప్పరు. కానీ ఆ క్షణాన ఆ మనిషి మనకి కనబడటం లేదు. వెంటనే సిస్టర్‌కి ఫోన్ చేయండి, గీత తిరిగి వచ్చేదాకా వదలొద్దు.

పళ్లు తోముకుంటున్నా, వణుకు జబ్బున్నా గీత అచ్చం వీటీలా ఎగురుతుంది. అప్పుడు వేలి క్లిప్ గీత చూడండి. అది క్రమంగా కొడుతుంటే నాడి ఉన్నట్టే, అయినా మనిషిని పంపండి. అదీ పడిపోతే ఇక ఆలోచించొద్దు, కేకేయండి. వీఎఫ్‌లో, అంటే గుండె కొట్టుకోకుండా ఊరికే అదురుతున్నప్పుడు, ఛాతీ నొక్కే సీపీఆర్ లేకుండా షాక్ ఆలస్యమైతే, ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

స్టిక్కర్లు రోజూ మార్పించండి, చర్మం తుడిచి ఆరాక అతికించమనండి. ఉత్తుత్తి అలారాలు చాలా తగ్గుతాయి. నిద్రలో గుండె వేగం నిమిషానికి 48కి దిగే మనిషికి 50 దగ్గర అలారం పెడితే రాత్రంతా మోగుతూనే ఉంటుంది, చివరికి మన చెవే వినడం మానేస్తుంది. డ్యూటీ డాక్టర్‌ని అడిగి మార్పించండి, మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

కునుకు 3, 5 మధ్యే ఎక్కువ. నేనప్పుడు లేచి నిలబడే చూస్తాను. పొద్దున బండి నడపకండి, బస్సెక్కండి. కిటికీకి మందం దుప్పటి కట్టి పడుకోండి.

ఇక అడగాల్సిన మాట: ‘నేను బాత్రూంకి లేచినప్పుడు ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?’ జవాబుగా ఒక మనిషిని చూపిస్తే రేపే చేరండి. ‘రెండు నిమిషాలేగా, ఏం కాదులే’ అంటే మాత్రం ఆ ఉద్యోగం వద్దమ్మా, ఇంకో ఆస్పత్రి చూసుకోండి.