ఆయన గుండె సంగతి సరే, మీ సంగతి చెప్పండి

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్ళు. మేనరికం కావడంతో పుట్టిల్లు, అత్తిల్లు ఒకే ఊళ్ళో. నాన్నగారికి 61. రిటైరయ్యాక కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టి ఇప్పుడు పరుగులో పడ్డారు. జనవరిలో ముంబయి మారథాన్‌కు పేరు ఇచ్చారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, తమ్ముడు అమెరికాలో. అందుకని నన్ను తోడు రమ్మంటున్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదు, అప్పుడు ప్రయాణమేమిటని అమ్మ గొడవ. ఈ వయసులో 42 కిలోమీటర్లు గుండెకు ప్రమాదం కాదా? పదో తరగతిలో, 2002లో, నేను 1500 మీటర్ల పరుగులో జిల్లా పోటీలకు ఎంపికైతే ‘ఆడపిల్లకు పరుగులేమిటి’ అని పంపలేదు. అదిప్పుడు అనవసరం లెండి. మా పాపకు 13 ఏళ్ళు. రోజూ తాతయ్యతో గట్టు మీద పరిగెత్తేది. చదువు పాడవుతుందని నెల క్రితం మాన్పించి, ఆయన కొనిచ్చిన బూట్లు అటక మీద పెట్టేశాను. నాన్నగారిని ఎలా ఆపాలో చెప్పండి.

జవాబు: మీరు అడిగినదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. ఆయన్ను ఆపనక్కర్లేదు. రాజమండ్రిలో గుండె డాక్టరుకు చూపించి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించండి. బీపీ, షుగరు చూపించండి. డాక్టరు సరేనంటే పరిగెత్తనివ్వండి. ఛాతీ బిగిసినట్లున్నా, కళ్ళు తిరిగినా ఎన్నో కిలోమీటరు అని చూడకుండా అక్కడే ఆగిపోతానని ఆయన చేత మాట తీసుకోండి. పంజాబ్‌లో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడ్డ ఫౌజా సింగ్ తన మొదటి లండన్ మారథాన్ 2000లో పరిగెత్తినప్పుడు ఆయన వయసు 89. అందరూ అలా కాలేరు గానీ, 61 ఏళ్ళు రావడమే ఒక జబ్బు కాదు. నాకున్న బెంగ వేరు. మన డెల్టాలో కాళ్ళకు ఎత్తు తెలియదు, ముంబయి దారిలో ఒళ్ళు అలిసిపోయాక పెడ్డర్ రోడ్డు ఎత్తు వస్తుంది. వారానికి ఒకటి రెండు రోజులు ఏటిగట్టు ఎక్కి దిగమనండి. ఇక కనుమ సంగతి. ఆ పరుగు జనవరి మూడో ఆదివారం, చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం ముందు రోజుల్లోనే తీసుకోవాలి. పండగ పూర్తిగా వెళ్ళనిస్తే అందుకోలేరు. అమ్మగారికి ఈ ఒక్కసారికి నచ్చజెప్పండి.

అసలు ఉత్తరం ఒక్క వాక్యం: ‘అదిప్పుడు అనవసరం లెండి.’ అనవసరమైతే ఏ సంవత్సరమో, ఎన్ని మీటర్లో, ఆయన అన్న మాటతో సహా ఎందుకు రాశారమ్మా? కోపం అని రాయడానికి చెయ్యి రాక గుండెజబ్బు అని రాశారు. మీకు ఆయన గురించి భయం లేదనను. కానీ భయపడిన కూతురు తండ్రిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుంది. మీరు ఆ పని చేయకుండా పాపను మాన్పించారు.

‘ఆడపిల్లకు పరుగులేమిటి’ అన్న మాట మీ నాన్నగారు కనిపెట్టింది కాదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరిగెత్తి అలిసిపోయారని చెప్పి, మళ్ళీ 1960 దాకా వాళ్ళకు ఆ పరుగే లేకుండా చేశారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టింది 1984లో. ఇంత పెద్ద ప్రపంచమే తప్పు చేసింది, పల్లెటూరి తండ్రి చేయడంలో వింతేముందని మీకు మీరే సర్దిచెప్పుకుని ఉంటారు. నేను ఒప్పుకోను. 2002 నాటికి పి.టి. ఉష పేరు తెలియని ఇల్లు లేదు. మన కరణం మల్లీశ్వరి సిడ్నీలో ఒలింపిక్ పతకం గెలిచి అప్పటికి రెండేళ్ళు. మీ మేనరికం అప్పటికే అనుకుని ఉంటే, కాబోయే అత్తగారిగా మీ మేనత్త మాట కూడా అందులో ఉందేమో. ఉన్నా సరే, సంతకం పెట్టవలసిన చెయ్యి ఆయనదే, పెట్టలేదు. ఇప్పుడు ఆయన పరిగెత్తుతుంటే ఊరంతా మెచ్చుకుంటోంది, మిమ్మల్ని తువ్వాలు పట్టుకుని ముగింపు గీత దగ్గర నిలబడమంటున్నారు. మీకు మండడం సహజం. మండకపోతే నేను ఆశ్చర్యపోయేదాన్ని.

తండ్రికి తోడు వెళ్ళడం మీ ధర్మమే. తమ్ముడు దూరంగా ఉన్నాడని కాదు, మీరూ ఆయన బిడ్డే కాబట్టి. కానీ మనసులో ఇంత బాకీ పెట్టుకుని వెళ్తే ఆయన 30వ కిలోమీటరు దగ్గర కాళ్ళీడుస్తున్నప్పుడు మీకే తెలియకుండా సంతోషిస్తారు. ఆ తరవాత దానికి జీవితాంతం బాధపడతారు. అందుకే ముందు మాట్లాడండి. అమ్మగారి ద్వారా కబురు పెట్టకండి. పండగకు వచ్చిన చుట్టాల ముందు దెప్పిపొడవకండి. రైల్లో మొదలుపెడదామనుకోకండి, పరుగుకు ముందు ఆయనకు నిద్ర కావాలి. ఒక రోజు తెల్లవారుజామున మీరే గట్టు మీదకు వెళ్ళండి. లొల్ల లాకుల దాకా ఆయన పక్కన నడవండి. ‘నాన్నా, 2002లో నన్ను పోటీకి పంపలేదు, నేనింకా మరచిపోలేదు’ అని చెప్పి ఊరుకోండి. ఏడుపొస్తే రానివ్వండి. ఆయన ‘ఆ రోజుల్లో అంతేనమ్మా’ అంటే, కాదని చెప్పండి. మల్లీశ్వరి పేరు చెప్పండి. ఏమీ అనకుండా తల వంచుకుని నడిస్తే ఆ మౌనాన్ని తొందరపడి మీరే నింపకండి. ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ అదొక అలవాటు, తండ్రి ఇబ్బంది పడితే వెంటనే ‘పోనీలే నాన్నా’ అనేస్తాం. ఈసారి అనకండి.

ఈ జవాబు ఆ తండ్రిగారి కంట పడితే ఆయనకూ ఒక మాట. అయ్యా, మనవరాలికి బూట్లు కొన్నారంటే చేసిన పొరపాటు మీకు తెలిసిందనే నా నమ్మకం. కానీ ఆ బూట్లు వెళ్ళవలసిన పాదాలు వేరు. కూతురి దగ్గర ‘తప్పు చేశానమ్మా’ అంటే తండ్రి పెద్దరికం ఎక్కడికీ పోదు. ముంబయికి పిలిచే ముందు ఆ మాట చెప్పి పిలవండి.

ఆయన ఆ మాట చెప్పకపోతే ముంబయికి వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం. వెళ్ళకపోతే మీరు చెడ్డ కూతురు కారు. మీ వారినో, మరో దగ్గరి బంధువునో తోడు పంపండి. రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేదీ, మారథాన్ మొదలయ్యేదీ ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ దగ్గరే, ఎవరు వెళ్ళినా ఇబ్బంది ఉండదు.

పాప విషయంలో మాత్రం మీ ఇష్టానికి వదలను. చదువు అన్నది సాకు. గంట ముందు లేచి పరిగెత్తిన పిల్ల బడిలో వెనకబడదు. 2002లో మీకు జరిగినదే ఇప్పుడు మీ చేతులతో ఆ పిల్లకు జరుగుతోంది. నాన్నగారితో మాట్లాడటానికి మీకు వారం పట్టినా, నెల పట్టినా పట్టనివ్వండి. పాపను మాత్రం రేపే అయిదున్నరకు లేపి గట్టు మీదకు పంపండి. బూట్లు ఈ రాత్రికే అటక మీది నుంచి దించండి. పదమూడేళ్ళ పాదం అది, ఇంకో రెండు నెలలుంటే ఇరుకైపోతాయి.