కమ్లూప్స్ ఓడ దగ్గరకు దిగే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సులో మునిగి ఉన్న కమ్లూప్స్ ఓడ దగ్గరకు డైవింగ్ చేసి దిగాలని ఉందని రాశావు. వద్దనను. కానీ నువ్వు అడిగినవన్నీ లోతు గురించే, నా టెన్షనంతా చలి గురించి.

ఐల్ రాయల్ దీవి పక్కన ఆ ఓడ సుమారు 175 అడుగుల నుంచి 260 అడుగుల దాకా వాలులో ఒరిగి ఉంది. 4 డిగ్రీల దగ్గర నీళ్లు అన్నిటికన్నా బరువెక్కి కిందికి చేరతాయి. అందుకే పైన జులై ఎండ కాస్తున్నా ఆ లోతులో చలి తగ్గదు. సిలిండర్‌లోని గ్యాస్ ఒత్తిడి తగ్గుతూ బయటికొచ్చేటప్పుడు ఇంకా చల్లబడుతుంది. ఆ గ్యాస్‌ను పీల్చుకోడానికి అందించే రెగ్యులేటర్‌లో మంచు కట్టిందంటే అది మూసుకోదు, గ్యాస్ ఆగకుండా పోతూనే ఉంటుంది. చల్లటి నీళ్లకని సీల్ చేసిన ఫస్ట్ స్టేజ్, అంటే రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి బిగించే భాగం, కొనుక్కో. ఊపిరి పీలుస్తూ అదే క్షణంలో డ్రైసూట్‌లోకి (నీళ్లు లోపలికి రాని సూట్) గ్యాస్ వదలకు. ఒకదాని తర్వాత ఒకటి, కొద్దికొద్దిగా. మందపాటి గ్లవ్స్‌తో, కళ్లు మూసుకుని, సిలిండర్ వాల్వ్ కట్టేయడం నీ చేతులకు అలవాటు కావాలి. మొద్దుబారిన వేళ్లు కొత్త పని నేర్చుకోవు.

లోతులో పీల్చే ట్రైమిక్స్‌ను (హీలియం కలిపిన గ్యాస్) సూట్‌లో నింపొద్దు. హీలియం ఒంటి వేడిని లాగేస్తుంది. సూట్‌కి వేరే చిన్న సిలిండర్ పెట్టుకో.

అసలు కష్టం పైకి వచ్చేటప్పుడు. డీకంప్రెషన్ కోసం, అంటే ఒంట్లో కరిగిన గ్యాస్ మెల్లగా బయటికి పోవడానికి, మధ్యలో ఆగి కదలకుండా వేలాడుతుంటే ఒళ్లు చల్లబడి, రక్త ప్రసరణ తగ్గి, కరిగిన గ్యాస్ త్వరగా బయటికి పోదు. కింద వెచ్చగా ఉండి పైన వణకడం మరీ ప్రమాదం. అందుకే సూట్‌లోని హీటర్ ఆగిపోయినా తట్టుకోగలిగినంతసేపే అడుగున ఉండేలా ప్లాన్ వెయ్యి.

ముందు ఆ దీవి దగ్గరే 1928లో మునిగిన ‘అమెరికా’ అనే ఓడ చూడు. దాని ముక్కు దాదాపు నీటిమట్టానికే ఉంటుంది. తర్వాత 1947లో మునిగిన ఎంపరర్ ఓడ, అది వాలు వెంట లోతుకు తీసుకెళ్తుంది. ఆ రెండిట్లో చేతులు చెప్పినట్టు వింటేనే కమ్లూప్స్.

1927 డిసెంబర్‌లో ఆ ఓడ మీదున్న 22 మందిలో ఒక్కరూ బతకలేదు. ఇంజిన్ రూమ్‌లో ఒకరి దేహం ఇప్పటికీ ఉంది. లోపలికి వెళ్లొద్దు, ఫొటో తీయొద్దు. ఆయన కోసమూ ఇంట్లోవాళ్లు ఎదురుచూసి ఉంటారు నాన్నా.

ఆ దీవి నేషనల్ పార్కు, దిగే ముందు పార్కు వాళ్ల అనుమతి తీసుకోవాలి. పైకి వచ్చాక తేడా వస్తే చికిత్స చేసే డీకంప్రెషన్ చాంబర్ దీవిలో లేదు. బోటులో ఆక్సిజన్ ఎన్ని గంటలకు సరిపోతుందో ఇప్పుడే కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న